నార్వే వాళ్ళకు బెజవాడ సలహాలు

క్రాస్ కంట్రీ స్కీ స్ప్రింట్ అనే ఆట గురించి విజయవాడలో ఇంతవరకు ఒక్క అఖిలపక్ష సమావేశం జరగలేదు. రౌండ్ టేబుల్ లేదు, ధర్నా చౌక్‌లో టెంటు లేదు. మనకు మంచు లేదు కదా అని కొందరు సర్ది చెప్పుకుంటున్నారు. మెట్రో రైలు రాని ఊళ్ళో మెట్రో స్టేషన్ ఎక్కడ రావాలో టీ కొట్ల దగ్గర ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నాం. లేనిదాని గురించి మాట్లాడటం మనకు కొత్తా?

ముందు ఆట సంగతి. కాళ్ళకు పొడుగాటి స్కీ పలకలు కట్టుకుని, చేతుల్లోని కర్రలతో పొడుచుకుంటూ మంచు మీద జారుతూ పరిగెత్తాలి. పొద్దున క్వాలిఫైయింగ్. ఒక్కొక్కరినీ విడిగా వదిలి టైం చూస్తారు. ఎంతమంది వచ్చినా పైనున్న ముప్పై మందికే చోటు. ముప్పై ఒకటో వాడు ఆ రోజుకు బ్యాగు సర్దుకోవాల్సిందే. మిగిలిన వాళ్ళను ఆరుగురు చొప్పున ఐదు క్వార్టర్ ఫైనల్స్‌లోకి పంచుతారు. ఒక్కో దాంట్లో మొదటి ఇద్దరు పైకి వెళ్తారు. ఓడిపోయిన వాళ్ళలో టైం బాగున్న మరో ఇద్దరిని కూడా పిలిచి సెమీస్‌లో కూర్చోబెడతారు. చివరికి ఫైనల్లో ఆరుగురు. ఒక్కో పరుగు ఇంచుమించు మూడు నిమిషాలు. ఫైనల్ దాకా వచ్చిన వాడు ఒక్క రోజులో ఆ మూడు నిమిషాల నరకాన్ని నాలుగు సార్లు చూస్తాడు.

కటాఫ్, ఫేజులు, మిగిలిన సీట్లకు చివర్లో పిలుపు. ఈ వ్యవహారం భూమ్మీద మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టిన ఏ పటమట తల్లిని కూర్చోబెట్టినా అరగంటలో అంతర్జాతీయ రిఫరీ అయిపోతుంది.

దూరం కూడా మనకు కలిసొచ్చేదే. స్ప్రింట్ ట్రాక్ కిలోమీటరు మీద కొంత చిల్లర ఉంటుంది. 1957లో పూర్తయిన మన ప్రకాశం బ్యారేజీ పొడవు 1223 మీటర్లు. ఆ రోజుల్లోనే ఇంజనీర్లు ఇంత ముందుచూపుతో కట్టారు, మనమే దాని మీద ఆటోలు తిప్పుకున్నాం. ట్రాక్‌కు ఎత్తులు కావాలంటే పక్కనే కనకదుర్గ ఫ్లైఓవర్ ఉంది. మంచు పడని నెలల్లో నార్వే లాంటి దేశాల వాళ్ళు కూడా చక్రాల స్కీలు కట్టుకుని తారు రోడ్ల మీదే సాధన చేస్తారు. అయితే వాళ్ళ రోడ్ల మీద గొయ్యి ఉండదు, గేదె ఉండదు, రాంగ్ రూటులో ఎదురొచ్చే బుల్లెట్ ఉండదు. బందరు రోడ్డు మీద రోజూ బడికి సైకిల్ తొక్కే పిల్లవాడికి వాళ్ళ ట్రాకొక లెక్కా?

మంచు సంగతీ అంతే. స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో చలికాలపు మంచును గుట్ట పోసి, పైన రంపపు పొట్టు దట్టంగా కప్పి, వేసవంతా కాపాడి, కొత్త సీజన్ మొదట్లో ట్రాక్ మీద పరుస్తారు. దీన్ని వాళ్ళు టెక్నాలజీ అంటున్నారు. ఐసు దిమ్మకు ఊక కప్పి, గోనె చుట్టి, మే నెల ఎండలో సాయంత్రం దాకా సోడాలు అమ్మిన వన్‌టౌన్ బండివాళ్ళలో ఒక్కణ్ణి పిలిచినా దావోస్‌కు కన్సల్టెన్సీ ఇచ్చి వచ్చేవాడు. ఇంకోటి. 2014లో రష్యాలోని సోచి వింటర్ ఒలింపిక్స్‌లో ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీలకు చేరితే మంచు జావగారిపోయింది, ట్రాక్ గట్టిపడటానికి ఉప్పు చల్లారు, కొందరు ఆటగాళ్ళు ఎండకు తాళలేక పొట్టి చేతులతో పరిగెత్తారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరు మనది. పదిహేను డిగ్రీలకు మనం మంకీ క్యాప్ పెట్టి, చెవుల్లో దూది కుక్కుకుంటాం.

కాబట్టి వసతులన్నీ ఉన్నాయి. వాళ్ళకు లేనిదల్లా ఆటగాడి కెరీర్‌ను ఎలా చూసుకోవాలన్న జ్ఞానం. ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అవుతాయని మనకు పుట్టుకతో తెలుసు. బండి అయిపోయిన వాణ్ణి పలకరించకూడదనీ తెలుసు. ఈ రెండో సగం వాళ్ళకు ఇంకా ఒంటబట్టలేదు.

నార్వే కుర్రాడు యోహానెస్ క్లేబోనే చూడండి. 1996లో పుట్టాడు, 2018 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు. 2025లో ట్రోండ్‌హైమ్ ప్రపంచ పోటీల్లో పురుషులకు ఉన్నవి ఆరు పోటీలైతే ఆరింట్లోనూ బంగారమే. ఇంతటి వాడికి కోచ్ ఎవరయ్యా అంటే, వాళ్ళ అమ్మకు నాన్నగారు! తాతయ్య దగ్గర కూర్చుని నేర్చుకుంటే ర్యాంకు వస్తుందా? మన దగ్గరైతే ఆ పిల్లవాణ్ణి ఆరో తరగతిలోనే గూడవల్లి వైపు ఏదో ఒక హాస్టల్లో పడేసి, నెలకో ఆదివారం పులిహోర డబ్బాతో తాతయ్యను గేటు దగ్గర నిలబెట్టేవాళ్ళం.

అదే క్లేబో 2021 ప్రపంచ పోటీల్లో, జర్మనీలోని ఒబర్స్‌డోర్ఫ్‌లో, యాభై కిలోమీటర్ల పోటీలో అందరికంటే ముందు గీత దాటాడు. చివరి మీటర్లలో రష్యా ఆటగాడు బోల్షునోవ్‌కు అడ్డుపడి అతని కర్ర విరిగేలా చేశాడని అనర్హుణ్ణి చేశారు. బంగారం సొంత జట్టువాడు ఇవర్సెన్‌కు వెళ్ళింది. ఇంత మసాలా దొరికితే మన యూట్యూబ్ ఛానళ్ళు ఊరుకునేవా? 'ఆ రోజు ట్రాక్ మీద అసలు ఏం జరిగిందంటే' అని నలభై భాగాలు. ఇవర్సెన్ ఏ ఊరి వాడు, వాళ్ళ మేనమామ ఏ పార్టీ, వెన్నుపోటు ఎవరు ప్లాన్ చేశారు. వాళ్ళేమో రెండ్రోజులు గొణిగి, మళ్ళీ స్కీలు తుడుచుకున్నారు. సరుకు చేతిలో ఉండి అమ్ముకోవడం రాని జాతి.

నార్వే వాడే పెట్టర్ నార్తుగ్ కథ ఇంకా విడ్డూరం. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో రెండు బంగారాలు తెచ్చిన హీరో. 2014 సోచి నుంచి ఒక్క పతకం లేకుండా ఇంటికొచ్చాడు. ఆ ఏడాదే మద్యం మత్తులో కారు నడిపి రోడ్డు పక్క రెయిలింగ్‌ను గుద్దాడు. అంత పెద్ద ఆటగాణ్ణి పట్టుకుని కోర్టుకు ఈడ్చి శిక్ష వేశారు! ఇదీ ఆ దేశం వెనకబాటుతనం. మన దగ్గర ఆ స్థాయి మనిషికి అలా జరిగితే తెల్లారేసరికి స్టీరింగ్ ముందు డ్రైవర్ ప్రత్యక్షమయ్యేవాడు, కారు నడిపింది తానేనని ఆ డ్రైవర్‌కు కూడా అప్పుడే తెలిసేది. మరుసటి ఏడాది స్వీడన్‌లోని ఫాలున్ ప్రపంచ పోటీల్లో నార్తుగ్ స్ప్రింట్‌తో సహా నాలుగు బంగారాలు కొట్టాడు. శిక్షపడిన వాడు మళ్ళీ గెలవడమేమిటో, మన సిలబస్‌లో లేదు.

ఓడినప్పుడు తప్పు ఎవరిదో తేల్చుకోవడంలోనూ వాళ్ళకు పద్ధతి తెలీదు. సోచిలో రిలేల్లో చతికిలబడ్డప్పుడు నార్వే మొత్తం మైనం పూసేవాళ్ళ మీద పడింది. స్కీ అడుగున పూసే మైనం ఆ రోజు మంచుకు సరిపడకపోతే దేవుడు దిగొచ్చినా స్కీ కదలదు. అందుకని జట్లు లారీలో వర్క్‌షాపు పెట్టుకుని, మంచు వేడి, తేమ కొలిచి, రకరకాల మైనాలు పూసి చూసుకుంటాయి. ఫ్లోరిన్ కలిపిన మైనం బాగా జారుతుంది కానీ మనిషికీ నేలకూ చేటని 2023-24 సీజన్ నుంచి పూర్తిగా నిషేధించారు కూడా. ఇంత శ్రమ దేనికండీ? లారీ తలుపు ఏ దిక్కుకు ఉందో ఒక్కరైనా చూశారా? నైరుతిలో మైనం డబ్బా పెడితే స్కీ జారుతుందా? గుమ్మడికాయ ఒకటి కట్టి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఇక స్ప్రింట్‌లో అసలైన వేదాంతి స్వీడన్ వాడు ఎమిల్ యోన్సన్. అదే సోచి, పురుషుల స్ప్రింట్ ఫైనల్. ఆరుగురిలో ఇతనికి ఒళ్ళు సహకరించలేదు. చేతులెత్తేసి బాగా వెనకబడ్డాడు, దాదాపు ఆపేశాడు. అప్పుడు ముందున్న వాళ్ళలో ముగ్గురు ఒకరి మీద ఒకరు పడి కుప్పయ్యారు. యోన్సన్ చూశాడు. మళ్ళీ కర్రలు పొడిచాడు. మూడోవాడుగా గీత దాటి కంచు పతకం మెళ్ళో వేసుకున్నాడు. బెజవాడ రాజకీయాల్లో టికెట్ రాక ఇంట్లో పడుకున్న వాడికి నామినేషన్ ఆఖరి రోజు మధ్యాహ్నం ఫోన్ రావడం మనం చూడలేదా? యోన్సన్ మనవాడే, పొరపాటున స్వీడన్‌లో పుట్టాడు. ఆ రోజు బంగారం గెలిచిన ఓలా విగెన్ హట్టెస్టాడ్ మాత్రం మనకు పనికిరాడు. 2009లో ప్రపంచ చాంపియన్, 2010 ఒలింపిక్స్‌లో పతకమే లేదు, 2014లో ఒలింపిక్ చాంపియన్. మధ్యలో ఆ నాలుగేళ్ళు వాడికి పిల్లనెవరు ఇస్తారు?

ఇప్పుడు మన సన్మాన కమిటీలు ప్రత్యేకంగా అధ్యయనం చేయాల్సిన కేసు అమెరికా అమ్మాయి కికన్ రాండల్. 2002 నుంచి ఒలింపిక్స్‌కు వెళ్తూనే ఉంది. స్ప్రింట్ ప్రపంచ కప్ టైటిల్ 2012లో, 2013లో గెలిచి 2014 సోచికి ఫేవరెట్‌గా వెళ్ళింది. క్వార్టర్ ఫైనల్లోనే ఇంటికి. తేడా సెకనులో వందోవంతులు ఐదు. ఈ ఆటలో బూటు ముని గీత దాటిన క్షణమే లెక్క. కాలు ఆ కాస్త ముందుకు సాగలేదు, నాలుగేళ్ళు పోయాయి. ఆమె రీవాల్యుయేషన్‌కు పెట్టలేదు, గ్రేస్ మార్కులు అడగలేదు, కమిటీలో మనవాడెవడైనా ఉన్నాడా అని వాకబు చేయలేదు. 2016లో బాబును కన్నది. ఇక్కడైతే బారసాలలోనే పిన్నిగార్లు తేల్చేసేవాళ్ళు: 'ఇంకా ఆ పరుగులేంటమ్మా, చక్కగా బ్యాంకు ఉద్యోగం చూసుకోక.' ఆమెకు అలాంటి పిన్నిగార్లు లేరు. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌కు తన ఐదో ఒలింపిక్స్ ఆడటానికి వెళ్ళింది. ముప్పై ఐదేళ్ళ వయసు, అప్పటిదాకా పదిహేడు ఒలింపిక్ పోటీలు, సున్నా పతకాలు. పద్దెనిమిదో పోటీలో జెస్సీ డిగ్గిన్స్‌తో కలిసి టీమ్ స్ప్రింట్ బంగారం. స్వీడన్‌తో తేడా 0.19 సెకన్లు. క్రాస్ కంట్రీలో అమెరికాకు అదే మొదటి ఒలింపిక్ బంగారం.

మన లెక్కలో ఈమె కెరీర్ నిడివి సరిగ్గా ఒక్క రోజు. ఆ రోజుకు మాత్రం లోటు చేయం. ఏలూరు రోడ్డు మీద ఫ్లెక్సీ లేస్తుంది. పై వరసలో గుండ్రటి బుడగల్లో పెద్ద నాయకులు. వాళ్ళ కింద చేతులు జోడించి నిలువెత్తున వార్డు నాయకుడు, చలువ కళ్ళద్దాలతో. ఆయన మోచేతి కింద మిగిలిన జాగాలో పతకం తెచ్చిన పిల్ల, పాస్‌పోర్ట్ సైజులో, పేరులో ఒక ఒత్తు తప్పుతో. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో సభ. మైకు రెండు గంటలు నాయకుల దగ్గరే తిరిగి, పిల్ల దగ్గరికి వచ్చేసరికి 'టైం అయిపోయింది, రెండు ముక్కలు చాలమ్మా.' శాలువా కప్పుతారు. ఫొటో అవగానే వెనకున్న కుర్రాడు దాన్ని సుతారంగా లాగి, ధర చీటీ లోపలికి వెళ్ళేలా మడిచి, తర్వాతి అతిథి కోసం పళ్ళెంలో పెడతాడు.

పదిహేడు పోటీల్లో ఓడిన రోజుల్లో ఎవరైనా ఒక జత బూట్లు కొనిచ్చారా అని అడక్కండి. అలాంటివి అడిగేవాళ్ళు మనకు సభా మర్యాద తెలీనివాళ్ళు.

ఆ గెలుపు తర్వాత నెలలు తిరక్కుండానే ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. చికిత్స పూర్తి చేసుకుని 2019లో న్యూయార్క్ మారథాన్‌ను మూడు గంటల లోపు పరిగెత్తింది. దీని మీద వ్యంగ్యం రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

మన దేశం ఏం చేసిందని మీరు అడగొచ్చు. క్రాస్ కంట్రీలో 2010లో తాషి లుండుప్, 2014లో నదీమ్ ఇక్బాల్, 2018లో జగదీశ్ సింగ్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. 2014లో అయితే మన ఒలింపిక్ సంఘం ఎన్నికల గొడవల్లో సస్పెండై ఉంది. సోచిలో మనవాళ్ళు మొదట్లో జాతీయ జెండా లేకుండానే నడిచారు, ఆటలు మధ్యలో ఉండగా సస్పెన్షన్ ఎత్తేశారు. ఆటగాడు మంచు మీద జారక ముందే సంఘం జారగలదని మనం ప్రపంచానికి చూపించాం. పక్క రాష్ట్రంలో కొడగు నుంచి, మంచు అంటే పొద్దున కాఫీ తోటల మీద కమ్మే పొగమంచు తప్ప ఎరగని చోటి నుంచి, భవాని తెక్కడ నంజుండ ఈ ఆట ఎంచుకుని ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో బంగారు పతకాలు గెలిచింది. మన దగ్గరికి వస్తే మనం వేసే మొదటి ప్రశ్న సిద్ధంగా ఉంది: 'ఇంటర్లో ఏ గ్రూపమ్మా?'

అయినా నిరాశ అక్కర్లేదు. బెంజి సర్కిల్ నుంచి గుంటూరు లక్ష్మీపురం దాకా ఉన్న విద్యాసంస్థల సామర్థ్యం తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, స్కీ స్ప్రింట్ ఫౌండేషన్ కోర్సు రావడానికి ఎంతో కాలం పట్టదు. ఏసీ, నాన్ ఏసీ, సెమీ రెసిడెన్షియల్. ఉదయం ఐదింటికి స్టడీ అవర్, మంచు గురించి థియరీ. ప్రతి ఆదివారం టెస్టు. పై ముప్పై మంది స్టార్ బ్యాచ్‌లోకి, ముప్పై ఒకటో వాడు మెట్లు దిగి కింద సెక్షన్‌లోకి, పరుపూ బకెట్టూ పట్టుకుని.

అడ్మిషన్ కోసం వచ్చిన తండ్రి ఒకాయన భయపడుతూ అడుగుతాడు: "ఈ ఆటలో పడటం, లేవటం ఎక్కువంట కదండీ. మావాడు మధ్యలో ఎక్కడైనా పడితే..."

పీఆర్‌వో రసీదు పుస్తకం మీంచి తలెత్తకుండానే చెబుతాడు: "మీరేం టెన్షన్ పడకండి సార్. పడినవాళ్ళ ఫొటోలు మేం పేపర్లో వెయ్యం."