సవరణ: ఫ్రీ త్రో శాతాలకు సగటు కట్టకూడదు

ఫ్యాంటసీ బాస్కెట్‌బాల్ (నిజమైన ఆటగాళ్లతో జట్టు కట్టి, వాళ్ల గణాంకాలతో పోటీపడే ఆట) డ్రాఫ్ట్, అంటే ఆటగాళ్ల ఎంపిక గురించి రాసినప్పుడు, ఫ్రీ త్రోల్లో (ఫౌల్ జరిగితే దక్కే, ఎవరూ అడ్డుకోని షాట్లు) 60 శాతం ఉన్న సెంటర్ స్థానం ఆటగాడి పక్కన 90 శాతం ఉన్న గార్డ్ స్థానం ఆటగాడు ఉంటే జట్టు 75కి చేరుతుందన్నాను. ఆ లెక్క తప్పు, పొరపాటు నాదే. కేటగిరీ లీగుల్లో ఒక్కో గణాంకానికి విడిగా గెలుపు తేలుస్తారు; వాటి స్కోరింగ్ నియమాల ప్రకారం జట్టు మొత్తం మీద పడినవాటిని మొత్తం ప్రయత్నాలతో భాగిస్తారు. సెంటర్‌వి వారంలో 40కి 24, గార్డ్‌వి 10కి 9 పడ్డాయనుకోండి: 50కి 33, అంటే 66 శాతమే. 75 కావాలంటే ఆ గార్డ్‌కూ 40 ప్రయత్నాలు దక్కాలి. అలాంటి గార్డులు మొదటి రౌండ్లలోనే అయిపోతారు!

కాబట్టి శాతంతో పాటు ఆటకు ఎన్ని ప్రయత్నాలో కూడా చూడండి. 2024-25లో ఎన్‌బీఏ ఆటగాడు యానిస్ ఆంటెటోకౌన్‌పో ఆటకు పదికి పైగా ఫ్రీ త్రోలు తీసుకున్నాడు, కానీ అతని శాతం తక్కువ. అతన్ని ఎంచుకుంటే ఆ కేటగిరీని వదులుకోవడమే నయం. రీబౌండ్లు, బ్లాకుల గురించి చెప్పినదాంట్లో మార్పు లేదు.