గొట్టం దొరగారికి విన్నపం

మహారాజశ్రీ హీటరు గొట్టం గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మిషిగన్‌లో మేమంతా క్షేమం, ఒక్క కార్పెట్ తప్ప. అది గరాజులో తాడు మీద వేలాడుతోంది. దాని సంగతి మాట్లాడదామనే ఈ ఉత్తరం.

మీది మంచి వంశమండి. మా నాయనమ్మ పొయ్యి దగ్గరుండే ఊదుగొట్టం మీకు పెద్దమ్మ వరస. ఆవిడ ఊపిరి పోసి నిప్పు రాజేసేది. మీరు నిప్పు దగ్గర కాగిన నీళ్లు తెచ్చి మా కాళ్లకు కాపడం పెడతారు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ వారి మస్టాంగ్ కారును బయటపెట్టినప్పుడు జనం పొడుగాటి బానెట్ చూశారు, ముందున్న గుర్రాన్ని చూశారు. దానికింద మీరున్నారని ఎవరూ అడగలేదు, మీరూ చెప్పుకోలేదు.

నా 1966 మస్టాంగ్‌లో 289 ఘనపు అంగుళాల ఇంజను పక్కన మీరిద్దరు. లోపలి బోలు అంగుళంలో ఐదు బై ఎనిమిది వంతులు. ఒకరు ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గర వేడినీళ్లు పట్టుకుని డాష్‌బోర్డు వెనక బండి లోపలి గాలిని వేడిచేసే హీటర్ కోర్‌కు వెళ్తారు. రెండోవారు చల్లారిన నీళ్లతో వాటర్ పంపుకు తిరిగొస్తారు, పెళ్లి భోజనాలయ్యాక ఇంటిదారి పట్టిన చుట్టాల్లాగ.

ఇన్ని సుగుణాలున్నా మీకు రూపం లేదు. ఇంజనుకు నీలం రంగు కొత్తగా వేయించాను, వాల్వ్ కవర్లు అద్దంలా తుడిచాను. మధ్యలో మీరు పెళ్లి పందిట్లో ఎవరో పంచె ఆరేసినట్టు వేలాడుతున్నారు. కుక్క తోకను గొట్టంలో పెట్టి సరిచేద్దామనుకునే జాతి మాది. గొట్టమే కుక్క తోకైతే ఏం చెయ్యాలో మా పెద్దలు చెప్పి వెళ్లలేదు.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. మీలో ఒకరిని కార్బ్యురేటర్ చోక్ (ఇంజను చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించే మూత) పక్కన ఒక క్లిప్పు పట్టుకుని ఉండేది. ఎవరో పనివాడు బద్ధకించి దగ్గరదారిలో లాగేశాడనుకుని పీకేశాను. మీ వేడి తగిలి చోక్ తొందరగా తెరుచుకోవాలని ఆ ఏర్పాటట. క్లిప్పు పోయాక చోక్ తెరుచుకోవడానికి తాత్సారం చేయడం మొదలెట్టింది. బద్ధకం ఎవరిదో అప్పుడు తేలింది.

మొదట మిమ్మల్ని ఇంజను వెనకగా, ఇంద్రధనుస్సులా ఎత్తి తిప్పాను. ఎత్తులో గాలి చిక్కుకుంది. డాష్‌బోర్డు వెనక ఎవరో హుక్కా తాగుతున్నట్టు గుడగుడ. తర్వాత ఇంజనుకూ మాకూ మధ్యనున్న రేకుగోడ, అదే ఫైర్‌వాల్, దగ్గర లంబకోణంలో వంచాను. మీరు మడత పడ్డారు, నీళ్లు ఆగాయి. ఇంజను వేడిగానే ఉంది, నా పాదాలు గడ్డకడుతున్నాయి. వంపుతోనే అచ్చులో పోసిన ఎల్బో ముక్క కొని పెట్టాక గాని మడత విప్పలేదు.

ఇక క్లాంపుల కథ. మర తిప్పి బిగించే ఈ పట్టీకి లమ్లీ రాబిన్సన్ అనే బ్రిటిష్ నౌకాదళపు మనిషి 1921లో పేటెంట్ తీసుకున్నాడు. నీళ్లు కారకుండా ఉంటే చాలని ఆయన ఆశ. స్క్రూ తలలు ఏ దిక్కు చూడాలన్నది మాత్రం నాకు వదిలేశాడు. నాలుగింటినీ తూర్పు ముఖం పెట్టించేసరికి ఒక ఆదివారం గడిచిపోయింది. సాయంత్రం బండి రివర్సు చేసి బయటికి తీశాను. వాస్తు పోయింది.

నాన్నకు వీడియో కాల్‌లో చూపించాను. బోరు పైపుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి. కాసేపు చూసి, "నీళ్లు పారుతున్నాయా లేదా, అది చెప్పరా" అన్నాడు. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.

చివరికి సాధించాను. ఫెండర్ లోపలివైపుగా తంబుర తీగలా లాగి, ఎక్కడా సందు లేకుండా దాచేశాను. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద 1995 నుంచి ఆగస్టులో జరిగే డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపుకు తీసుకెళ్లి బానెట్ ఎత్తి నిలబడ్డాను. ఒక పెద్దాయన వచ్చి వంగి, తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"హీటరు పీకేశావా?"

"లేదండీ, గొట్టాలు దాచాను."

"ఎందుకు?"

ఆ ప్రశ్నకు నేను సిద్ధపడి వెళ్లలేదు.

నవంబరులో, రోడ్ల మీద ఉప్పు చల్లకముందే, కార్తీక సోమవారం గుడికి బయల్దేరాం. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజను రబ్బరు మౌంట్ల మీద పక్కకు ఒరుగుతుంది. ఫైర్‌వాల్ కదలదు. రెంటికీ మధ్య ఆ ఊగిసలాటను భరించాల్సింది మీరే, భరించడానికి మీకు కాస్త వదులు కావాలి. నేను ఉంచలేదు. లాగి లాగి కోర్‌కున్న పల్చటి ఇత్తడి పైపు మొదట్లో విరిగింది. అద్దమంతా ఆవిరి, బండినిండా తీపి వాసన. మా ఆవిడ ప్రసాదం డబ్బా ఒలికిందేమోనని కిందికి చూసింది. పట్టుచీర అంచు మీలో పారే పచ్చటి కూలెంట్‌లో ఉంది. ఆ తీపికి ఆశపడి కుక్కో పిల్లో నాకితే ప్రాణం పోతుందని రాత్రి పన్నెండింటిదాకా గరాజు కడిగాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు. అదే భయమేసింది.

కోర్ మార్చాలంటే డాష్ కింద వెల్లకిలా పడుకుని హీటరు పెట్టెనే ఊడదీయాలి. మూడు వారాంతాలు అక్కడే ఉన్నాను. ఇప్పుడు మీకు జానెడు వదులు ఇచ్చాను, చోక్ పక్కన క్లిప్పు తిరిగి పెట్టాను. స్క్రూలు వాటికి నచ్చిన దిక్కు చూస్తున్నాయి. మళ్లీ పంచె ఆరేసినట్టే ఉన్నారు.

ఈ శనివారం కూలెంట్ పోస్తున్నాను. కుడిపక్క సీట్లో మా ఆవిడ కూర్చుంటానంది, పాత నూలు చీరలో. పరువు నిలపగలరని ప్రార్థన.

ఇట్లు,
విధేయుడు,
మీ కింద వెల్లకిలా పడుకున్నవాడు