సముద్రానికి ఒక్క స్టార్

“అయిదు రోజుల కయాక్ యాత్రకి డబ్బులు కట్టించుకుని రెండు రోజులు ఒడ్డునే కూర్చోబెట్టారు. సముద్రం ఎదురుగానే ఉంది. ఒక్క స్టార్.”

ఈ సమీక్ష రాసిన పెద్దమనిషిని నేనెరుగుదును. ఆ రెండు రోజులూ ఆయన పక్కనే, అదే ఇసుకలో నేనూ కూర్చున్నాను. మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు, అది నిజమే. మూడోది ఆయన ఇష్టం. ఆ మధ్య వాక్యమే నన్ను వదలడం లేదు. సముద్రం ఎదురుగానే ఉంది! ఎంత ఘాటైన అభియోగమండీ. సముద్రం ఆ రోజు సెలవు పెట్టి ఉన్నా, రిపేరుకి వెళ్ళి ఉన్నా ఆయన సరిపెట్టుకునేవారు. సరుకు కొట్లో పెట్టుకుని లేదన్నారనేదే ఆయన బాధ.

కనుక ఈ వ్యాసంలో నేను ఆయన పక్షాన నిలబడదలచుకున్నాను. వినియోగదారుడికి ఇంత అన్యాయం జరిగితే ఎవరో ఒకరు నోరు విప్పాలి కదా.

ముందు కేసు పూర్వాపరాలు. సముద్రం కయాక్ అంటే పార్కు చెరువులో పిల్లలు తిప్పే ప్లాస్టిక్ తొట్టి లాంటిదనుకోకండి. తెడ్డుతో నడిపే సన్నటి పడవ అది. అయిదు మీటర్ల పొడవుంటుంది, వెడల్పు రెండడుగుల లోపే. అందులో కాళ్ళు చాపుకుని కూర్చున్నాక నడుము చుట్టూ స్ప్రే స్కర్ట్ అనే రబ్బరు పావడా ఒకటి బిగిస్తారు, నీళ్ళు లోపలికి రాకుండా. దానికి ముందువైపు చిన్న పట్టీ ఉంటుంది. పడవ బోల్తా పడితే తలకిందులుగా ఉన్నవాడు ఆ పట్టీ లాగే బయటపడాలి. తొందరలో పట్టీని లోపలికి మడిచి బిగించుకున్నవాడికి లాగడానికేమీ ఉండదు. మా గైడ్ ప్రతి ఉదయం ప్రతి ఒక్కరి దగ్గరికీ వచ్చి, ఆ పట్టీ బయటే ఉందో లేదో వేలితో తాకి చూసి వెళ్ళేది. ముప్ఫై నిండని అమ్మాయి. మాటలు తక్కువ. మా పెద్దమనిషి చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ ఇసుకలోకి వచ్చిన రోజు కూడా ఏమీ అనలేదు. పడవలో సామాను పెట్టే రంధ్రం మూత తీసి ఆయనకి చూపించింది, అంతే. ఆ రంధ్రంలో సూట్‌కేసు హ్యాండిల్ పడుతుంది.

ప్రకటనలో ‘ఛాలెంజింగ్’ అని ఉంది. ‘వన్య తీరం’ అని కూడా ఉంది. చదవడానికి బాగానే ఉంటుంది. దిగడానికి చోటుండదు అనే మాటని రంగుల కాగితం మీద వేస్తే వన్య తీరం అవుతుంది. కొండలు నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగిపోయి ఉంటాయి. రెండు మూడు గంటలు తెడ్డు వేస్తేగానీ పడవ లాగడానికి కాస్త ఇసుక కనపడదు. కొండకి కొట్టుకున్న అల ఊరికే పోదు, వెనక్కి తిరిగి ఎదురొచ్చే అలతో కలబడుతుంది. ఆ రెండింటి మధ్య నీళ్ళు కాగే ఎసరులా ఎగురుతుంటాయి. ఫోటోలో ఇదంతా సూర్యాస్తమయం రంగులో వచ్చింది.

ఇక రెండో రోజు ఉదయం. మా పెద్దమనిషి చేతిలో ఐటినరీ ఉంది. లామినేషన్ చేయించి తెచ్చుకున్నారు. అందుకని ఆయన్ని ఇకనుంచి ఐటినరీ గారనే పిలుద్దాం. “రెండో రోజు: ఉదయం 7.30 బయలుదేరుట. 18 కిలోమీటర్లు. మధ్యాహ్నం సముద్ర గుహ దర్శనం.” ఏడుంబావుకే లైఫ్ జాకెట్ తొడిగి, నడుముకి స్కర్ట్ వేలాడేసుకుని, చేత తెడ్డు పట్టుకుని, తెర లేవడం కోసం చూస్తున్న వేషగాడిలా నిలబడ్డారు.

“ఈరోజు దిగట్లేదు సార్,” అంది గైడ్.

“ఏం?”

“గాలి సార్.”

ఐటినరీ గారు నీళ్ళకేసి చూశారు. ఒడ్డు దగ్గర సముద్రం పళ్ళెంలో పోసినట్టుంది. ఒక్క నురగ లేదు. “ఏదమ్మా గాలి?” అన్నారు, పోయిన గొడుగు గురించి అడిగినట్టు.

“మన వెనక నుంచి వస్తోంది సార్. కొండ అడ్డముంది కాబట్టి ఇక్కడ తెలీట్లేదు. అర కిలోమీటరు దాటితే తెలుస్తుంది. అదిగో, ఆ చివర గీత చూడండి. రంపం పళ్ళలా లేదూ? అవన్నీ అలలే. రేడియోలో 18 నాట్లన్నారు, అంటే గంటకి ముప్ఫై మూడు కిలోమీటర్ల గాలి. మధ్యాహ్నానికి 22.”

“వెనక నుంచేగా? మంచిదే. తోసుకెళ్తుంది.”

“ఎక్కడికి సార్?”

ఈ ప్రశ్నకి ఐటినరీలో జవాబు లేదు. గైడ్ ఒక ఎండుకొమ్మ ఏరి, మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి మెల్లిగా వదిలింది. నేను వంగి చెప్పు పట్టీ సరిచేసుకుని లేచేసరికి అది చెయ్యందని దూరంలో ఉంది. ఇంకాసేపటికి ఈత వచ్చినవాడు కూడా వెంటపడటానికి ఆలోచించేంత దూరంలో ఉంది. ఒడ్డు వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

“అది కర్రమ్మా. దానికి తెడ్డు లేదు,” అన్నారు ఐటినరీ గారు.

తర్వాత ప్రజాస్వామ్యం ప్రవేశించింది. ఓటింగ్ పెడదామన్నారాయన. మేం ఎనిమిది మందిమి. వెళ్దామని అయిదు చేతులు, వద్దని మూడు. గైడ్ శ్రద్ధగా లెక్కపెట్టింది. మెజారిటీ వచ్చిందని ఒప్పుకుంది కూడా. ఒప్పుకుని, వెళ్ళి టెంటు తాళ్ళు బిగించుకుంది.

ఆయన మేనేజర్‌తో మాట్లాడాలన్నారు. సిగ్నల్ లేదు. వన్య తీరం కదా. శాటిలైట్ ఫోన్ ఇమ్మన్నారు. అది ఎమర్జెన్సీకండీ అంది. ఇది ఎమర్జెన్సీయే అన్నారు. చివరికి సిగ్నల్ కోసం, ఆ వేషంతోనే, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో ఐటినరీ పట్టుకుని వెనకున్న కొండెక్కారు. మేమంతా కింద నుంచి చూస్తూనే ఉన్నాం. కొండ నెత్తికి తల చేరగానే ముందు టోపీ లేచింది. దాన్ని పట్టుకోబోయేసరికి స్కర్ట్ మొహానికి చుట్టుకుంది. స్కర్ట్ లాక్కోబోయేసరికి ఐటినరీ చేతిలోంచి జారింది. లామినేషన్ చేసిన కాగితం గాలిలో ఎంత బాగా ఎగురుతుందో నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తళుక్కుమంటూ మా నెత్తిమీదుగా వెళ్ళి, దూరంగా రంపం పళ్ళలో ఎక్కడో పడింది. వాచీ చూసుకున్నాను. 7.32. మొత్తం బృందంలో షెడ్యూల్ ప్రకారం బయలుదేరింది అదొక్కటే.

ఇప్పుడైనా ఒప్పుకుంటారనుకున్నాం. దిగి వచ్చి, రొప్పు తీర్చుకుని, తీర్పు చెప్పారు: “గాలి పైన ఉంది. మనం వెళ్ళేది కింద.”

ఇంతటి బుర్ర ఉన్న మనిషికి సముద్రం విధించిన షరతులు ఒక్కసారి చూడండి. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి కస్టమర్లని ఒక్క మాటైనా అడక్కుండా గాలికి సున్నా నుంచి పన్నెండు దాకా మార్కులు వేశాడు. ఇప్పటి లెక్కలో 11 నుంచి 16 నాట్లయితే నాలుగు మార్కులు, 17 నుంచి 21 అయితే అయిదు, 22 నుంచి 27 అయితే ఆరు. కొత్తవాళ్ళ గుంపుకి నాలుగే గడ్డుకాలం. మనం తెడ్డుతో వెళ్ళేది మహా అయితే మూడు నాట్లు, అంటే గంటకి అయిదున్నర కిలోమీటర్లు. ఆపైన చంద్రుడొకడు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెరుగుతుంది. పోటు వచ్చే ఆరు గంటల్లో సగం నీరు మధ్య రెండు గంటల్లోనే వచ్చిపడుతుంది. ఆ ప్రవాహానికి ఎదురుగా గాలి వీచిందా, అలలు నిలువుగా లేస్తాయి. ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న చంద్రుడు మా బుకింగ్ తేదీలు మాత్రం చూసుకోలేదు.

“పడితే పడతాం. నాకు ఈత వచ్చు, జాకెట్ ఉంది,” అని కూడా అన్నారాయన. చల్లటి నీళ్ళలో పడ్డవాడికి మొదటి నిమిషం ఊపిరి తన చేతిలో ఉండదు. ఆ తర్వాత ఓ పది నిమిషాల దాకా వేళ్ళు చెప్పిన మాట వింటాయి. స్పృహ పోవడానికి గంట దాకా పట్టవచ్చు. ఈ మూడు అంకెలూ మొదటి రోజే గైడ్ మాతో వల్లె వేయించింది. అదే రోజు ప్రశాంతమైన మడుగులో ప్రాక్టీసు కోసం బోల్తా పడ్డప్పుడు, ఐటినరీ గారిని తిరిగి పడవలో కూర్చోబెట్టడానికి గైడ్‌కీ, ఆమె సహాయకుడికీ కలిపి పదకొండు నిమిషాలు పట్టింది. చేసేది లేక నేను లెక్కపెట్టాను.

కుండలో కూడు కదలకూడదు, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి. సాహసం కావాలి, గాలి ఉండకూడదు. సరే, గాలి ఉన్నా పరవాలేదు, 7.30కి ఉండకూడదు. 1932లో ఆస్కార్ స్పెక్ అనే జర్మన్ ఒకడు ఉల్మ్ నగరంలో మడత కయాక్ ఎక్కి డాన్యూబ్ నదిలో బయలుదేరాడు. అలా అలా తీరాలు పట్టుకుని ఏడేళ్ళ తర్వాత, 1939లో, ఆస్ట్రేలియా జలాలకి చేరాడు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఒడ్డెక్కగానే శత్రుదేశస్థుడని పట్టుకుని నిర్బంధంలో పెట్టారు. ఏడేళ్ళ ప్రయాణం, చివర్లో బస జైలు! ఆయన ఎవరికీ ఒక్క స్టార్ ఇచ్చిన దాఖలా లేదు.

నవ్వులాట ఇక్కడి దాకా బాగానే ఉంది. ఒడ్డు దగ్గర నీళ్ళు పళ్ళెంలా కనపడటం గురించి ఇంకో సంగతి ఉంది. 1993 మార్చి 22న ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ బేలో ఎనిమిది మంది స్కూలు పిల్లలు, వాళ్ళ టీచరు, ఒక సాహస కేంద్రానికి చెందిన ఇద్దరు శిక్షకులు కయాక్‌లలో బయలుదేరారు. గాలి వాళ్ళని ఒడ్డుకి దూరంగా నెట్టుకుపోయింది. పడవల్లో నీళ్ళు నిండిపోయాయి. ఆ శిక్షకులకి అలాంటి సముద్రానికి తగ్గ అనుభవం లేదు. వాళ్ళు తిరిగి రాలేదని తీర రక్షక దళానికి కబురందేసరికే గంటలు గడిచాయి. నలుగురు పిల్లలు చనిపోయారు. పదహారు, పదిహేడేళ్ళవాళ్ళు. ఆ కేంద్రంలో పనిచేసి మానేసిన శిక్షకులు, ఇక్కడ భద్రత సరిగా లేదని అంతకుముందే యజమానికి ఉత్తరం రాశారు. చదివి పక్కన పెట్టారు. 1994లో ఆ కేంద్రం నడిపిన కంపెనీ మీద నేరం రుజువైంది, దాని డైరెక్టరు జైలుకెళ్ళాడు. 1995లో పిల్లల సాహస కేంద్రాలకి లైసెన్సు ఉండాలని చట్టం తెచ్చారు. అన్నీ జరిగాయి. ఆ రోజు ఉదయం ఒడ్డున నిలబడి “ఈరోజు దిగట్లేదు” అనే మనిషి ఒక్కరుంటే వీటిలో ఏదీ జరగాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆ ఒక్క మాట కోసమండీ మనం గైడ్‌కి డబ్బిచ్చేది! తెడ్డు ఎలా పట్టుకోవాలో అరగంటలో ఎవడైనా నేర్పుతాడు. టెంటు మనమే వేసుకోగలం. ఎనిమిది మంది డబ్బు కట్టినవాళ్ళు మొహం మీద మొహం పెట్టి అరుస్తుంటే, వాళ్ళలో సగం మంది తనకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళయినా, రాత్రికి ఈ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీకపోయినా, గొంతు పెంచకుండా కాదని చెప్పడానికి ఎంత దమ్ము కావాలి? ఆ అమ్మాయి రెండు రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ మేం ప్రాణాలతో ఉన్నాం, ఆమెని తిట్టుకోవడానికి వీలుగా. దానికి బదులు ఒక్క స్టార్. సిగ్గుండాలి.

నాక్కూడా ఉండాలి. వెళ్దామని చెయ్యెత్తిన అయిదుగురిలో నేనొకణ్ణి.

నాలుగో రోజు తెల్లారేసరికి గాలి పడిపోయింది. ఆరింటికే దిగాం. గైడ్ ఎప్పటిలాగే ఒక్కొక్కరి పట్టీనీ వేలితో తాకి చూసింది. సముద్రం నూనె పోసినట్టుంది. గుహ చూశాం. లోపల నీళ్ళు ఆకుపచ్చగా, మనిషి మాట రెండుసార్లు వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. అందరం మాటలు మానేశాం. ఐటినరీ గారు తప్ప. ఆయన చుట్టూ ఓసారి చూసి, “ఈ మాత్రం దానికి మొన్నే వచ్చుండొచ్చు,” అన్నారు. మొన్నే, మొన్నే అంది గుహ.

ఆయన సమీక్ష తమకి పనికొచ్చిందని ఇప్పటికి చాలామంది నొక్కారు. మొన్న అదే తీరంలో తిప్పే ఇంకో కంపెనీ ప్రకటన కంటబడింది. అదే కొండ, అదే సూర్యాస్తమయం, అదే ‘ఛాలెంజింగ్’. కింద ఒక లైను మాత్రం కొత్తగా చేర్చారు: “గాలి వచ్చినా, వాన వచ్చినా మా యాత్ర ఆగదు.” ఈ సీజన్‌కి సీట్లన్నీ అయిపోయాయని పక్కనే ఎర్రక్షరాల్లో ఉంది.