గౌతమిలో పడ్డ ముదురు చేప

టెక్సాస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు సంక్రాంతికి వస్తూ నాకో చేప బొమ్మ తెచ్చాడు. బెత్తెడు ఉంటుంది. మూతి గిన్నెలా గుంట, పొట్ట కిందొకటి, తోకకొకటి మూడు ముళ్ల గేలాలు. పాపర్ అంటారట. నీళ్ల మీద తేలుతుంది. దారం చిన్నగా గుంజితే ఆ గుంట మూతి నీళ్లని కొట్టి 'బుడుంగ్' మంటుంది. దెబ్బతిన్న చేపపిల్ల కొట్టుకుంటోందనుకుని కిందున్న పెద్దది ఎగిరి అందుకుంటుంది. వాడక్కడ దీంతో బాస్ చేపల్ని పట్టి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తాడట.

"వదిలేత్తాడా?" అన్నాడు మా బాబాయి. ఆ తర్వాత అరగంట ఎవరితోనూ మాట్లాడలేదు.

మనకి బాస్ లేకపోతే పండుగప్ప ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్నీ బాస్ అనే అంటారు. రెంటికీ దగ్గర చుట్టరికమేం లేదు, మా ఊళ్లో వరసలు కలుపుకున్నట్టే.

యానాం దిగువన, మడచెట్ల మధ్య పాయ గౌతమిలో కలిసే మొగకి చీకటితోనే నావ తీశాం. పోటు తీసి పాటు మొదలైతే రొయ్యలూ చిన్న చేపలూ నీళ్లతో జారి వస్తాయి. పండుగప్ప అక్కడ పెళ్లి భోజనానికి ముందొచ్చిన చుట్టంలా కాచుకుని ఉంటుంది.

"చప్పుడుకి గుంజకు, బరువు చేతికి తగిలాకే గుంజు" అని ఆ టెక్సాస్ తమ్ముడు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ తలూపాను.

నాలుగో విసురుకి నీళ్లు భళ్లుమన్నాయి. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుంజాను. చేప నోట్లోకింకా వెళ్లని పాపర్ వెనక్కి ఎగిరొచ్చింది. నేను వంగాను. వెనక గెడ పట్టుకుని నిలబడ్డ బాబాయి అప్పుడే అటు తిరిగాడు.

పంచెలో దిగింది. గేలానికి ఎదురుముల్లుంటుంది కదా, దిగితే వెనక్కి రాదు. ఒంటిదాకా వెళ్లలేదన్నాడు గానీ, కూర్చోబోయి మాట మార్చాడు. కత్తి ఇంట్లో మర్చిపోయాం. అల్లిక దారం పళ్లకి తెగలేదు.

రేవులో దిగి ముందు బాబాయి, వెనక రాడ్ పట్టుకుని నేను.

"ఏం పడిందండీ?"

"ఆయ్, బాబాయిగారేనండీ!" అన్నాడు పక్కవాడు నాకు నోరు తెరిచే సందివ్వకుండా. "ఎన్ని కేజీలుంటారంటారు?"

"ముదురు చేపండీ. పులుసుకి పనికిరాదు."

ఇంటికెళ్లేసరికి పిన్ని అరిసెలు వత్తుతోంది. మా ఇద్దర్నీ, మధ్యనున్న దారాన్నీ ఎగాదిగా చూసింది.

"నాన్నా, ఆ అమెరికా పద్ధతే బాగుంది" అంది. "ఓ ఫొటో తీసుకుని మళ్లీ గోదాట్లో వదిలేసి రా."