ఆసనం కోసం మనిషి కాదు

పద్మాసనం వేయలేకపోతే యోగా రానట్టేనని చాలామంది నమ్ముతారు. కొందరు శిక్షకులైతే "రోజూ చేస్తే అదే వస్తుంది" అంటూ పైకి లేచిన మోకాలిని చేత్తో కిందికి నొక్కుతారు. ఈ అలవాటును వెంటనే మానాలి. పద్మాసనంలో కాలు తిరగాల్సింది తుంటి కీలు దగ్గర. ఆ కీలు గుంట లోతు, తొడ ఎముక పైభాగపు వంపు అందరికీ ఒకేలా ఉండవు. బిగుసుకున్న కండరం సాధనతో సడలవచ్చు గానీ, ఎముకకు ఎముక అడ్డుపడే చోట ఎన్నేళ్లు శ్రమించినా కీలు అంతకు మించి తిరగదు. అప్పుడు ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలు ప్రధానంగా ముడుచుకుని చాచుకునే కీలు. బలవంతంగా మెలితిప్పితే లోపలి మృదులాస్థి చిరగవచ్చు. ఇందులో సాధకుడి బద్ధకం ఏముంది?

అలాంటి వ్యక్తి కుర్చీలో నిటారుగా కూర్చుని శ్వాసను గమనిస్తే అది తక్కువ రకం యోగా కాదు. యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనానికి పెట్టిన కొలత స్థిరంగా, సుఖంగా ఉండటమే. ఆ సూత్రాల్లో ఆసనాల జాబితా లేదు. యువకులే కాదు, వృద్ధులు, రోగులు, దుర్బలులు కూడా అభ్యాసంతో సిద్ధి పొందవచ్చని పాత యోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక చెబుతుంది. వీరందరూ ఒకే భంగిమను ఒకే తీరులో వేయాలని అనుకోవడం ఎలా కుదురుతుంది?

ఆధునిక యోగాను మలిచిన తిరుమలై కృష్ణమాచార్య జీవితమే ఇక్కడ గొప్ప పాఠం. 1930లలో మైసూరు రాజప్రాసాదంలో ఆయన కుర్రవాళ్లకు చురుకైన, కఠినమైన ఆసనాలను వరుసగా నేర్పారు. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ తర్వాత ప్రచారం చేసిన అష్టాంగ విన్యాస పద్ధతి మూలాలు అక్కడివే. చెన్నై చేరాక అదే గురువు తన దగ్గరకు వచ్చిన వారి వయసు, ఆరోగ్యం, అవసరం చూసి ఒక్కొక్కరికి విడిగా సాధన రూపొందించారు. ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో స్థాపించిన కృష్ణమాచార్య యోగ మందిరం ఆ దారినే నడిచింది. మరో శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ చెక్క దిమ్మెలు, పట్టీలు, తాళ్లు, కుర్చీలు తెచ్చి ఆసనాన్నే శరీరం దగ్గరకు చేర్చారు. నేటి సామూహిక తరగతులు చాలావరకు ఆ కుర్రవాళ్ల ఒరవడినే పట్టుకుని, ఆ తర్వాతి దశాబ్దాల వివేకాన్ని వదిలేశాయి. నాకు బాధ కలిగించేది అదే.

దాని మూల్యం చెల్లించేది సాధకులే. కంటిలో ఒత్తిడి వల్ల చూపు నరం దెబ్బతినే గ్లాకోమా ఉన్నవారు శీర్షాసనం వేస్తే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఎముకలు గుల్లబారినవారు నడుము వంచి బలంగా ముందుకు వంగితే వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది. అదుపులో లేని రక్తపోటుకు ఎక్కువసేపు శ్వాస బిగబట్టడం పనికిరాదు. శరీరం అతిగా వంగేవారి సంగతి ఇంకా విచిత్రం. తరగతిలో మెచ్చుకోలు వారికే దక్కుతుంది, కానీ వారికి కావలసింది ఇంకా వంగడం కాదు, కీళ్లను నిలబెట్టే కండర బలం.

అంతర్జాతీయ యోగా దినోత్సవమైన జూన్ 21న వేలమంది కలిసి చేసే ఉమ్మడి కార్యక్రమం పరిచయానికి మంచిదే. రోజువారీ సాధన దానికే పరిమితం కాకూడదు. ఆందోళనతో నిద్ర పట్టని మనిషికి నిదానంగా సాగే నిశ్వాస మేలు చేయవచ్చు. రోజంతా కూర్చుని భుజాలు ముందుకు వాలినవారికి ఛాతీ తెరుచుకునే కదలికలు కావాలి. మోకాలి శస్త్రచికిత్స తర్వాత వచ్చినవారికి మొదట కావలసింది వైద్యుడి సలహా. దాన్ని తోసిపుచ్చే అధికారం ఏ శిక్షకుడికీ లేదు.

అందుకే కొత్తగా చేరినవారిని చాప పరవమనే ముందే, వారు ఎందుకు వచ్చారో, ఏ జబ్బులు, గాయాలు ఉన్నాయో, ఏ మందులు వాడుతున్నారో శిక్షకుడు అడగాలి. కొన్ని నెలలకు మళ్లీ అడగాలి, ఎందుకంటే శరీరం మారుతూ ఉంటుంది. సాధన మధ్యలో శ్వాస తడబడినా, కీలులో నొప్పి పొడిచినా ఆసనం నుంచి బయటకు వచ్చే స్వేచ్ఛ సాధకుడికి ఉండాలి. అలా వచ్చినవారిని అందరి ముందు చిన్నబుచ్చే తరగతిని నిస్సంకోచంగా వదిలేయండి.