గ్యాప్ అఫిడవిట్ ఇంకా ఎందుకు?

ఇంటర్ తర్వాత ఏడాది ఆగి డిగ్రీలో చేరాలనుకునే పిల్లలు హైదరాబాద్‌లో తరచూ ముందు వెళ్లాల్సింది నోటరీ దగ్గరికి. స్టాంపు పేపరు మీద ‘ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా నేను ఏ కాలేజీలోనూ చదవలేదు’ అని టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర కొట్టించుకోవాలి. ఇదే గ్యాప్ అఫిడవిట్. ఆ ఏడాది తండ్రికి జబ్బు చేస్తే కొట్లో కూర్చున్నాడా, నీట్‌కు మళ్లీ చదివాడా అన్నది ఎవరికీ పట్టదు.

ఇజ్రాయెల్‌లో చాలామంది సైన్యంలో పనిచేశాకే, ఇరవై దాటి యూనివర్సిటీలో చేరతారు. దక్షిణ కొరియా అబ్బాయిలు డిగ్రీ మధ్యలో సెలవు పెట్టి ఏడాదిన్నర ఆర్మీలో గడిపి వస్తారు. అమెరికాలో డిగ్రీ నాలుగేళ్లదే, కానీ ఎంతమంది పూర్తిచేశారో అక్కడి ప్రభుత్వం లెక్క చూసేది ఆరేళ్లకు. అంతెందుకు, ఇంగ్లండ్‌లో మూడేళ్లకు వచ్చే ఆనర్స్ పట్టా పక్కనే ఉన్న స్కాట్లండ్‌లో నాలుగేళ్లకు వస్తుంది. ఎవరూ దాన్ని ఆలస్యం అనుకోరు.

మనకు మాత్రం పదిహేడుకు ఇంటర్, ఇరవై ఒకటికి బీటెక్ అయిపోవాలి. ఒక్క ఏడాది జారినా ఇంట్లో టెన్షన్. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో ‘బ్యాక్‌లాగ్స్ ఉండరాదు, గ్యాప్ ఉండరాదు’ అని షరతులు. ఇంత పరుగెత్తి మిగుల్చుకున్న ఏళ్లు ఏమవుతున్నాయో చూడాలంటే అశోక్‌నగర్ హాస్టళ్లకో, చిక్కడపల్లి లైబ్రరీకో వెళ్లాలి. ముప్పై దగ్గరపడిన వాళ్లు టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని గ్రూప్స్ పుస్తకాలతో పొద్దుపోయేదాకా కూర్చుంటారు. ఆ ఏళ్లకు మాత్రం అఫిడవిట్ అడిగేవాళ్లు లేరు.

రూల్స్ ఎప్పుడో మారాయి. చదువు మధ్యలో ఆపి మళ్లీ చేరవచ్చని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. నీట్‌కు గరిష్ఠ వయసు పరిమితిని 2022లో ఎత్తేశారు. అదే ఏడాది రెండు డిగ్రీలు ఒకేసారి చదువుకోవచ్చని యూజీసీ అనుమతించింది. మరి ‘ఇంకెక్కడా చదవలేదు’ అని పిల్లలతో ప్రమాణం చేయించడంలో అర్థమేమిటి?

ఉన్నత విద్యామండలి, యూనివర్సిటీలు వచ్చే అడ్మిషన్ల నాటికి ఈ కాగితాన్ని జాబితాలోంచి తీసేయాలి. కంపెనీల షరతులను మార్చడం ప్రభుత్వం చేతిలో లేకపోవచ్చు. వాటిని క్యాంపస్‌లోకి రానిచ్చే కాలేజీలు ఆ షరతులు మార్చమని అడగవచ్చు కదా. విద్యార్థి పాత కాలేజీ నుంచి ఎప్పుడు బయటికొచ్చాడో తెలియాలంటే టీసీ మీద తేదీ ఉండనే ఉంది.