తేలిక చక్రాల సలహాలో పస ఎంత?

రోడ్ సైకిల్ కొన్నవాళ్లకు నెల్లూరు, ఒంగోలు వైపు ఒకటే సలహా వినిపిస్తోంది: "చక్రాలు మారిస్తే తేలికవే కొనండి. రిమ్ములో తగ్గిన ఒక గ్రాము ఫ్రేములో తగ్గిన రెండు గ్రాములతో సమానం. ఏరో చక్రాలు (గాలిని తేలిగ్గా చీల్చే లోతైన రిమ్ములవి) గంటకు 40 కిలోమీటర్లు దాటి తొక్కే ప్రొఫెషనల్స్‌కే. పైగా పక్కగాలికి పడేస్తాయి." ఇందులో చివరి మాట ఒక్కటే కాస్త నిలుస్తుంది.

ఒకటికి రెండు గ్రాములనే లెక్క పూర్తిగా అబద్ధం కాదు, అందుకే జనం నమ్ముతున్నారు. రిమ్ము ముందుకూ పోవాలి, గుండ్రంగానూ తిరగాలి. కాబట్టి వేగం పుంజుకునేటప్పుడు దాని బరువు దాదాపు రెండింతలు అనిపిస్తుంది. ఒకే వేగంతో పోయేటప్పుడు ఆ లెక్క వర్తించదు. పోనీ, రెండింతలే అనుకుందాం. రిమ్ముల్లో 300 గ్రాములు ఎక్కువున్న జతను ఆగిన చోటి నుంచి 30 వేగానికి తేవడానికి అదనంగా పట్టే శక్తి సుమారు 21 జౌల్స్. 200 వాట్లతో తొక్కేవారికి అది సెకనులో పదో వంతు పని. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో పదిసార్లు ఆగి కదిలినా పోయేది ఒక్క సెకను!

ఇక 40 వేగం మాట. గాలికి మన స్పీడోమీటరుతో పనిలేదు, ఎదురుగా ఎంత వేగంతో తగిలిందన్నదే లెక్క. మధ్యాహ్నం దాటాక నెల్లూరు నుంచి మైపాడు వైపు తొక్కి చూడండి. సముద్రపు గాలి నేరుగా ముఖాన కొడుతుంది. మీరు 25తో పోతుంటే ఎదురుగాలి 15 ఉందనుకోండి, మీకు తగిలేది 40. గాలి లేనప్పటికంటే రెండున్నర రెట్లు బలంగా నెడుతుంది. మామూలు రైడర్‌కూ ఏరో పనికొచ్చేది ఇక్కడే.

అలాగని కంపెనీల అంకెలను ఉన్నదున్నట్టు నమ్మకండి. అవి ఎక్కువగా 45 వేగం దగ్గర తీసినవి. అక్కడ 15 వాట్లు ఆదా అయితే, గాలి లేని రోజు 30 దగ్గర మిగిలేది నాలుగున్నర వాట్లే. గాలిని అడ్డుకునేది ముఖ్యంగా మన ఒళ్లు. మోచేతులు వంచి కాస్త కిందికి వంగితే పైసా ఖర్చు లేకుండా అంతకు మించే మిగులుతుంది. మంచి టైర్లూ అంతే.

దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ ఎక్కేవాళ్ల సంగతి వేరు అంటారు. నిజమే, కానీ ఎంత వేరు? మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలైతే 300 గ్రాములు 0.4 శాతం కూడా కాదు. గంటసేపు ఎక్కితే 13 సెకన్ల తేడా.

పక్కగాలి భయం మాత్రం న్యాయమైనదే. 16వ నంబరు జాతీయ రహదారి మన దగ్గర ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది, సముద్రపు గాలి తూర్పు నుంచి అడ్డంగా వస్తుంది. లారీ పక్కన వచ్చి దాటిపోయేసరికి గాలి ఒక్కసారిగా ఆగి మళ్లీ కొడుతుంది. హ్యాండిల్‌ను లాగేది ముందు చక్రమే. కాబట్టి ముందు 35 మిల్లీమీటర్ల లోతున్న రిమ్ము, వెనక 50 పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. 55 కిలోల లోపు బరువున్నవాళ్లు వెనక కూడా 40 దాటకపోతే మంచిది.